రెండు గడ్డివాముల మధ్య నిప్పు

నా చిన్నప్పుడు మా గోపన్‌పల్లిలో పొయ్యి ఆరిపోతే అగ్గిపుల్ల గీసేవాళ్ళు కాదు, పక్కింటికి వెళ్ళి నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్ళు. ఎంత పగ ఉన్నా, పొయ్యికని అడిగితే లేదనకూడదు. ఇప్పుడు అదే ఊళ్ళో, అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని, రెండు పెద్ద దేశాలు ఒకదాని మీద ఒకటి అణుబాంబులు ఎక్కుపెట్టుకుంటున్న వార్తలు ఫోన్లో చూస్తున్నాను. కూర్చోలేను, లేచి తిరగలేను. ఐటీ కంపెనీలో పనిచేసే మా మనవడు నా అవస్థ చూసి నవ్వుతాడు. ఇద్దరి దగ్గరా బాంబులున్నాయి కాబట్టే ఎవరూ వెయ్యరట, అదే మనకు రక్షణట. సరిగ్గా ఈ మాటే ఒకప్పుడు మా తాతయ్య నోట విన్నాను. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఇంటికీ పక్కింటికీ కలిపి పంట నూర్చుకునే కల్లం ఒకటే. అందులో మా గడ్డివాము ఒకటి, వాళ్ళది ఒకటి, మధ్యలో మనిషి నడిచేంత దారి. ఎండాకాలమంతా రెండిళ్ళ ఎడ్లు బతకాల్సింది ఆ గడ్డితోనే. ఒక ఏడు రెండిళ్ళకూ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చింది. పక్కింటి తాత కల్లు మత్తులో మా వాముకు ఒక్క అగ్గిపుల్ల చాలన్నాడని ఎవరో మోసుకొచ్చారు. నిజంగా అన్నాడా అని ఎవరూ వెళ్ళి అడగలేదు. మా తాతయ్య వాము పక్కన మంచం వేసుకుని, గాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, తడిపిన కాగడా ఒకటి అందరికీ కనబడేలా నేలలో గుచ్చాడు. ముట్టించడానికి కాదట, వాళ్ళు ముట్టించకుండా ఉండడానికట. మర్నాటికి అటువైపు పక్కింటి తాత మంచమూ, రెండు కాగడాలూ వెలిశాయి. దాంతో మావీ పెరిగాయి, మావి చూసి వాళ్ళవీ పెరిగాయి. అటువైపు ఎవరైనా దగ్గితే చాలు, ఇటు తాతయ్య లేచి కూర్చునేవాడు. రెండిళ్ళ పిల్లలం కలిసి ఆడుకోవడం మానేశాం. నాకు అన్నం సహించేది కాదు, ఎడ్ల మొహం చూస్తే ఏడుపొచ్చేది.

ఒకరోజు పొద్దున మా నానమ్మ చెంబెడు నీళ్ళు తెచ్చి, మండుతున్న పొయ్యిలో తనే పోసేసింది. నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో ఒక కుండపెంకు పెట్టి, "పొయ్యి ఆరిపోయింది బిడ్డా, పక్కింట్ల నిప్పు అడిగి తీస్కరా పో" అంది. అగ్గిపెట్టె గూట్లోనే ఉంది కదా అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

పక్కింటి అవ్వ నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత పెంకు అందుకుని, అందులో నిప్పులు వేసి, పైన బూడిద చల్లి ఇచ్చింది. తిరిగి వచ్చే దారి వాముల మధ్య నుంచే. సగం దూరం వచ్చానో లేదో గాలి లేచింది. బూడిద ఎగిరిపోయింది, నిప్పులు ఎర్రబడి రవ్వలు లేచాయి. వేళ్ళు కాలుతున్నాయి, పారేద్దామంటే కాళ్ళ కింద అంతా గడ్డే. అటు తాతా ఇటు తాతా మంచాల మీద నుంచి లేచారు. అరిస్తే నేను ఉలిక్కిపడి వదిలేస్తానని ఇద్దరికీ తెలిసినట్టుంది, ఎవరూ నోరు తెరవలేదు. పక్కింటి తాత భుజం మీది గొంగడి తీసి గాలికి అడ్డంగా పట్టుకుని నా పక్కన నడిచాడు. మా తాతయ్య నీళ్ళకుండ ఎత్తుకుని రెండోవైపు వచ్చాడు. రవ్వ ఎవరి వాము మీద పడిందని చూడలేదు, పడిన చోటల్లా నీళ్ళు చల్లాడు. అలా ముగ్గురం మా వాకిట్లోకి వచ్చాం.

నానమ్మ ఏమీ ఎరగనట్టు పెంకు అందుకుని పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. పక్కింటి తాత గొంగడి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"నువ్వు ముట్టిస్తవేమోనని భయపడే నేను కాగడాలు వెట్టిన" అన్నాడు చివరికి.

మా తాతయ్య తల దించుకుని, "నేను గూడ గంతే" అన్నాడు.

కాగడాలు ఆ రోజే దిగలేదు. గట్టు తగాదా అయితే చాలా ఏళ్ళు నడిచింది. కానీ నానమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి ఆర్పి, పెంకుకు బదులు మూతకుండ ఇచ్చి నన్ను పంపేది. కొన్నాళ్ళకు పక్కింటి అవ్వ కూడా తన పొయ్యి ఆర్పి, వాళ్ళ పిల్లను మా ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఆడపిల్లలు నిప్పు పట్టుకుని నడిచే దారి పక్కన గాసునూనె ఉంచడానికి ఆ ఇద్దరు ముసలాళ్ళకూ మనసొప్పలేదు. వానలు పడేలోగా కాగడాలన్నీ పోయాయి.

ఇదంతా చెబితే, దేశాలంటే పొయ్యిలు కావు నానమ్మా అంటాడు మా మనవడు. కావచ్చు. కానీ ఆ రెండు దేశాలూ మాటలు మానేశాయని, ఒకదాని రాయబారిని ఒకటి వెనక్కి పంపేశాయని చదివినప్పుడల్లా నా వేళ్ళు చురుక్కుమంటాయి. ఎవరి దగ్గర ఎన్ని బాంబులున్నాయో నేను చూడను. తన పొయ్యి తనే ఆర్పుకుని, అవతలి గుమ్మం ముందు నిలబడి నిప్పు అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతాను. ఇంతవరకూ ఎవరూ కనబడలేదు. ఆ నిప్పుల పెంకు ఇంకా నా చేతుల్లోనే ఉన్నట్టుంది.