గోడలో కొట్టిన రెండో దర్వాజ

మొన్న ఇంటికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రి, "అవ్వా, గీ దర్వాజ ఎవ్వలు వాడుతలేరు గద, ఇటుకలు పెట్టి మూసేద్దునా?" అని అడిగాడు. మూస్తే నిన్ను కూడా లోపల పెట్టి మూస్తానన్నాను. పాపం, నవ్వాలో భయపడాలో తెలియలేదు వాడికి. ఇంట్లో మగ్గాల చప్పుడు మధ్య పిల్లల్ని నిద్రపుచ్చిన మీకైతే చెప్పొచ్చు.

మాది సిరిసిల్ల. మీ దగ్గర ఏమంటారో గానీ, కరెంటుతో నడిచే మగ్గాన్ని మేం సాంచా అంటాం. మావి ఆరు, మా ఆయనకు మూడు, మరిదికి మూడు. మామ పోయాక అన్నదమ్ములు పాళ్లు పంచుకున్నారు, పొయ్యిలు వేరయ్యాయి, మీటర్లు వేరయ్యాయి గానీ వీధి దర్వాజ మాత్రం ఒక్కటే ఉంచారు. అది మా అత్త పట్టు. తానూ, కోడళ్లిద్దరమూ కుడికాలు పెట్టి దాటిన గడప అది, కొడుకులు వేరుపడ్డా గడప వేరుపడొద్దని ఒట్టు వేయించుకుంది.

ఎనభైల్లో ఒక ఏడు పన్ను చట్టం మారింది. నాలుగు సాంచాలు దాటితే కార్ఖానా కింద లెక్క, పన్ను కట్టాలి. మనకు మూడే కదా అని మేం నిమ్మళంగా ఉన్నాం. ఒక పొద్దున ఫైలు పట్టుకుని వచ్చిన పన్ను ఆఫీసు సారు మాత్రం దర్వాజ మీద నంబరు చూసి, ఒకే ఇల్లు, ఆరు సాంచాలు, ఒకటే కార్ఖానా అన్నాడు. పన్ను కడితే మాకు కూలి కూడా మిగలదు, తప్పించుకోవాలంటే రెండు సాంచాలు అమ్మాలి. ఎవరివి? మా ఆయన తమ్ముడి మొహం చూశాడు, తమ్ముడు అన్న మొహం చూశాడు.

మరిది భార్య రెండు పొయ్యిలూ చూపించింది, నేను మీటర్లు చూపించాను. "పొయ్యిలు నాకెందుకమ్మా, దర్వాజ ఒక్కటే ఉన్నది" అన్నాడు సారు.

మూలన కూర్చుని నూలు కండెలు చుడుతున్న మా అత్త లేచి గడ్డపార అందుకుంది. "సారూ, జర కూసోండ్రి. చాయ్ తాగేలోపట ఇంకో దర్వాజ పెడ్త" అని మరిది వాటా వైపు వీధి గోడ మీద ఒక్క పోటు పొడిచింది. కొడుకులు ఉరికివచ్చారు. "మీరు సాంచాలు ఆపకుండ్రి, పోండ్రి" అని కసిరింది.

"గా ముసలామెను ఆపుండ్రయ్యా!" అని సారు ఫైలు మీది మట్టి దులుపుకున్నాడు.

"నా గోడ, నా గడ్డపార. గోడ కొడితె గూడ పన్నున్నదా సారూ?"

ఆయనకు నవ్వాగలేదు. ఆయన చాయ్ తాగేసరికి అత్త పొడిచిన కంత మనిషి పట్టేంత అయింది. అందులోంచి తల వంచి ఇటునుంచి అటు దాటి, మూడూ మూడూ వేరుగా రాసుకుని, మరిది వాటాకు వేరే ఇంటి నంబరు తెచ్చుకోమని చెప్పి వెళ్లాడు. ఒక్క సాంచా కూడా పోలేదు. కానీ ఆ రోజు నుంచి అత్త పొద్దున్నే ఒక దర్వాజలోంచి బయటికి వెళ్లి, గడపలు రెండైనా ఇల్లు ఒక్కటే అంటూ రెండో దాంట్లోంచి లోపలికి వచ్చేది, తాను పోయేదాకా మానలేదు.

తర్వాత ఆ చట్టమూ మారింది. మరిదివాళ్లు బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి వెళ్లిపోయారు. ఇప్పుడు మా మనవడు పన్ను కాగితాలన్నీ కంప్యూటర్లో పంపిస్తాడు, ఏ సారూ గుమ్మం దాకా రాడు. ఎన్ని చట్టాలు మారినా ఆనాడు కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఎదురుగా నిలబడి కొట్లాడడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు గడ్డపార ఎవరికి చూపించాలి?

మేస్త్రిని ఆ దర్వాజకు కూడా సున్నం వేయమన్నాను. ఇందులోంచి వెళ్లి అందులోంచి రావడం ఇక మీద నా పని.