చివరి వారం కాయితాలు

కూర్చో అమ్మడూ. ఆ ఫోను అవతల పెట్టి, పెన్ను పట్టుకుని సరిగ్గా కూర్చుని విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో నీ సొంత తెలివి కలపకూడదు. మొన్న నువ్వు "నానమ్మా, నీకసలు దేనికీ భయం ఉండదు" అన్నావు చూడు, అందుకే చెప్తున్నా. భయం లేకపోవటమేంటి? తొమ్మిదో తరగతిలో ఉండగా నేను పడ్డ భయం ఇంటిల్లిపాదికీ పంచినా ఇంకా మిగులుతుంది.

డెబ్భైల్లో సంగతి. తిరువూరులో మా ఇంటికి రెండు వాటాలు. ఒకదాంట్లో మేము. రెండోదాంట్లో అద్దెకి ఒక టీచరమ్మ. మిషను బళ్ళో చిన్న క్లాసులకి చెప్పేది. ఒక్కతే మనిషి. వారపత్రిక రాగానే అందులో సీరియల్ వచ్చే కాయితాలు చిరగకుండా ఊడదీసి దాచేది. కథ అయిపోయాక అవన్నీ వరసలో పేర్చి, దబ్బనంతో బెజ్జాలు పెట్టి, దారంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్ట వేసేది. ఆ రోజుల్లో కాస్త చదువుకున్న ఆడవాళ్ళు చాలామంది చేసేవారులే ఆ పని. కొన్న నవలకి ఆ అందం రాదు. ఇటువైపు కథ ఉంటుంది, వెనక్కి తిప్పితే సగం వంకాయ కూర, సగం సబ్బు ప్రకటన.

మా ఇంట్లో మాత్రం కథల పుస్తకం అంటే నిప్పే. మా అక్క ఎనిమిదిలో ఉండగా దాని పరుపు కింద నవల దొరికింది. మా నాన్న కొట్టలేదు, అరవనూ లేదు. పుస్తకం తీసుకెళ్ళి నీళ్ళ కాగు కింద మంటలో పెట్టాడు. మర్నాటి నుంచి అక్కకి బడి లేదు. "ఆ కాగు నీళ్ళే నేనూ పోసుకున్నానే" అనేది అక్క తర్వాత ఎప్పుడో నవ్వుతూ. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మా నాన్న నా వంక తిరిగి, "నీ దగ్గర కనపడిన రోజు నీకూ అదే ఆఖరి రోజు" అన్నాడు. ఆయన మాటంటే మాటే.

మరి తెలిసి తెలిసి ఎందుకు ముట్టుకున్నావంటావా? బొమ్మ వల్ల. టీచరమ్మ కుట్టిన ఒక పుస్తకంలో మొదటి పేజీలో బొమ్మ ఉండేది. ఒక పిల్ల అద్దం ముందు నిలబడి ఉంటుంది. అద్దంలో మాత్రం ఇంకెవరో ఒకావిడ తల దువ్వుకుంటూ ఉంటుంది. అది చూశాక ఎట్టా ఊరుకుంటాను?

మట్టల ఆదివారం నాడు టీచరమ్మ ఈస్టరుకని వాళ్ళ ఊరు ప్రయాణమైంది. "వచ్చే మంగళవారం వస్తానండీ. మొక్కలకి కాసిని నీళ్ళు పోయించండి" అని తాళంచెవి మా అమ్మకిచ్చింది. మా అమ్మ నాకిచ్చింది. సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోశాను. పుస్తకం ఓణీ కింద పెట్టుకుని బయటికొచ్చాను.

చదివినదాన్ని చదివినట్టు ఊరుకుంటే బాగానే ఉండేది. సోమవారం బళ్ళో చెప్పేశా. మేం ముగ్గురం ఒక జట్టు. నేను, బియ్యం మిల్లు గుమాస్తా కూతురు, పెనుగొలను నుంచి బస్సులో వచ్చే పిల్ల. నేను పట్టుమని నాలుగు వారాల కథ చెప్పానో లేదో, ఇద్దరూ నా చేతులు పట్టుకున్నారు.

"మాకూ ఇవ్వవే" అంది పెనుగొలను పిల్ల.

"ఒక్క పుస్తకం, ముగ్గురం. మంగళవారంలోపు ఎట్టా అవుతుందే?"

మిల్లు పిల్ల, "విప్పేద్దాం" అంది.

"నీకేమన్నా పిచ్చా?"

"మా మిల్లులో రోజూ ఎన్ని గోతాలు విప్పి కుడతారో తెలుసా? నేను కుట్టిస్తాగా."

"ఇది గోతామా?"

"గోతాం కన్నా పల్చనే గదా, మరీ తేలిక!"

నవ్వకు, రాయి. మర్నాడు బళ్ళో పంపు వెనకాల కూర్చుని దారం కోసేశాం. ఇరవై నాలుగు వారాలు, ఇరవై నాలుగు ముక్కలు. పెనుగొలను పిల్ల బస్సులో పోతూ వస్తూ చదివేది కాబట్టి ముందు దానికి, తర్వాత నాకు, తర్వాత మిల్లు పిల్లకి. ఒంటిపూట బళ్ళు. పొద్దున్నే పంపు దగ్గర ముక్కలు చేతులు మారేవి. ఇంట్లో వాటిని అక్క పాత ఎనిమిదో తరగతి పుస్తకాల మధ్య దాచాను. ఆ పుస్తకాలు మా ఇంట్లో ఎవ్వరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

బుధవారం ఇరవై మూడో వారం చదివాను. ఆ పిల్ల అద్దాల గదిలోకి వెళ్ళింది. బయట గడియ పడింది. అద్దంలో ఆవిడ దువ్వెన కింద పెట్టి లేచి నిలబడింది. కింద 'సశేషం'. ఇక పొద్దున్నే జడ వేసుకోవటానికి కూడా అద్దంలోకి చూడలేదు నేను. పాపిడి వంకరగా ఉందని మా అమ్మ మొట్టికాయ వేసింది.

ఆ ఆఖరి ముక్క పెనుగొలను పిల్ల బుధవారమే ఇంటికి పట్టుకుపోయింది. గురువారం బడికి రాలేదు.

"పట్టుబడిందంటావా?" అంది మిల్లు పిల్ల.

"నోర్ముయ్యవే" అన్నా గానీ నా నోరే ఎండిపోయింది. దాన్ని పట్టుకుంటే 'ఎవరిచ్చారే' అంటారు. నా పేరు చెప్తుంది. ఎవరో ఒకరు మా నాన్న చెవిన వేస్తారు. అంతే, కాగు కింద మంట.

శుక్రవారం సెలవు. మా నాన్న వసారాలోంచి, "టీచరమ్మ వాటా తాళంచెవి తీసుకురా" అన్నాడు. గోడ చెమ్మ చూడటానికట. లోపలికెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. పుస్తకాల అరలో ఒక పుస్తకం పట్టేంత సందు. అందులోకి చెయ్యి పెట్టి వెనక గోడ తడిమాడు.

"ఇక్కడే ఉంది చెమ్మ" అన్నాడు. నా మొహం చూసి, "ఏంటే అట్టా చెమటలు పట్టాయి?" అన్నాడు.

"ఎండ నాన్నా."

"నీడలోకి పో మరి."

శనివారం కూడా ఆ పిల్ల రాలేదు. ఇక ఆగలేకపోయాను. మా అక్కని బస్సు ఛార్జీ అడిగాను. ఎందుకని అడగలేదది, నా మొహం వంక చూసి ఇచ్చింది. "మిల్లు వాళ్ళింట్లో లెక్కలు చేసుకుంటాం" అని అమ్మకి చెప్పి, బడి వదలగానే బస్సెక్కాను. ఒక్కదాన్ని బస్సెక్కటం అదే మొదలు.

కండక్టరు నా వంక అదేపనిగా చూశాడు. "ఎవరమ్మాయివి పాపా? ఒక్కదానివే పోతున్నావే?"

"మా పిన్ని వాళ్ళింటికండీ." దారి పొడవునా తల కిందికి దించుకునే కూర్చున్నాను.

పెనుగొలనులో దిగి ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అర్థమైందా? ఆ పిల్లకి అమ్మవారు పోసింది. ఒంటి నిండా పొక్కులన్నమాట. వసారాలో దాని నానమ్మ కూర్చుని ఉంది.

"ఆగాగు! ఎవరు పిల్లా నువ్వు? తల్లి ఉంది లోపల, గడప తొక్కకు."

"బళ్ళో పిల్లనండీ. నోట్సు... నా నోట్సు దాని దగ్గర ఉండిపోయింది."

"నోట్సా! ఆ తల్లికి నీళ్ళు పోసిందాకా ఈ ఇంట్లోంచి పూచికపుల్ల కూడా బయటికి పోదు. తాలింపు వాసనే రానివ్వటంలా, నీకు పుస్తకం ఇస్తానా? పో తల్లీ, పో. ఎండన పడి వచ్చావు, ఎదురింట్లో కాసిని మంచినీళ్ళు అడిగి తాగి పో."

ఎదురింట్లో నీళ్ళు తాగాను. పోలేదు. పశువుల పాక పక్కగా ఇంటి వెనక్కి వెళ్ళాను. చిన్న కిటికీ ఉంది. లోపల చీకటి.

"నేనే" అన్నా మెల్లిగా.

కాసేపటికి లోపల్నించి, "వచ్చావా?" అంది. గొంతు దానిది కాదన్నట్టు ఉంది. నాకు ఆ అద్దంలో ఆవిడే గుర్తొచ్చింది.

"కాయితాలున్నాయా? ఎవరూ చూళ్ళేదు గదా?"

"తలగడ కింద ఉన్నాయి. ఎవరూ చూళ్ళా."

"కిటికీలోంచి పడెయ్యవే."

"అమ్మో, నావల్ల కాదు. తల్లి ఉండగా వస్తువు బయటికిస్తే కళ్ళు పోతాయంట. నీకూ చుట్టుకుంటుంది."

నాకూ చేతులు రాలేదు. ఆ కాయితాలు అది ఇచ్చినా పట్టుకునేదాన్ని కాదేమో. ఏడుపొచ్చింది. "మంగళవారం టీచరమ్మ వస్తుందే. చివరి వారం లేకపోతే చూడగానే తెలిసిపోతుంది. మా నాన్నతో అంటుంది. నన్ను బడి మాన్పిస్తారే."

అప్పుడు అంది అది, "పుస్తకం ఉందా? నేను చెప్తా, రాసుకో."

సాంఘికశాస్త్రం నోట్సు వెనక నుంచి తిప్పి, పాక గోడకి ఆనుకుని నిలబడి రాశాను. అది చెప్తోంది, మధ్యలో దగ్గుతోంది, ఆగుతోంది. గదిలో దీపం ఆరిపోయింది. అద్దంలో ఆవిడ ఒక్కో అడుగే ముందుకు వస్తోంది. ఇక్కడ పాకలో గేదె తల విదిలిస్తే ఎగిరి పడ్డాను. ముసలమ్మ లేచి వస్తుందేమో, బస్సు వెళ్ళిపోతుందేమో, పక్కన అమ్మవారిని పెట్టుకుని దయ్యం కథ రాస్తున్నానే, తల్లికి కోపం వస్తుందేమో. ఇన్ని భయాలు ఒకేసారి. ఒక్కటి మాత్రం అప్పుడు పట్టించుకోలేదు. లోపల కాయితం తిప్పిన చప్పుడు ఒక్కసారి కూడా వినపడలేదు.

ఆఖరికి ఎవరో కిటికీ దగ్గరికొచ్చి ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తారు. పిల్ల పలుకుతుంది. బయటి మనిషి పిలవగానే అద్దంలో ఆవిడ మాయమై, అది మామూలు అద్దమైపోతుంది. 'సమాప్తం'.

ఆదివారం మిల్లు పిల్ల గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టింది. ఇరవై మూడు ముక్కలు అచ్చులో, ఇరవై నాలుగోది నా కోడిగీతల్లో. పుస్తకం అంతకు ముందుకన్నా లావైంది. పురికొస చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అయినా అదే అరలో, అదే సందులో పెట్టేశాను.

మంగళవారం టీచరమ్మ వచ్చింది. బుధవారం ఏమీ అనలేదు. గురువారం కూడా అనలేదు. అమ్మడూ, తిట్టినా బాగుండును. ఆవిడ మా అమ్మతో పెరట్లో మాట్లాడినప్పుడల్లా నేను అన్నం ముద్ద మింగలేక కూర్చునేదాన్ని. శుక్రవారం సాయంత్రం మా నాన్న ఎదురుగానే పిలిచింది. "పాపా, ఒకసారి ఇట్టా రామ్మా."

వెళ్ళాను. లోపల తన వాటాలో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఈ రాత నీదేనా?"

తలూపాను.

"మీ నాన్నగారికి తెలుసా?"

అడ్డంగా ఊపాను. ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశా. పంపు దగ్గర నుంచి కిటికీ దాకా. ఆవిడ పురికొస వేలితో తడుముతూ వింది. అంతా అయ్యాక, "అది సరేగానీ, పత్రికలో నేను చదివినప్పుడు ఆ పిల్ల ఆ గదిలోనే ఉండిపోయిందమ్మా. అద్దంలోకి వెళ్ళిపోయింది. నీ దాంట్లో బయటికొచ్చిందేంటి?" అంది.

నాకేం తెలుసు? అది చెప్పింది చెప్పినట్టు రాశానంతే.

"అడక్కుండా తీయటం తప్పు. ఇంకెప్పుడూ తీయకు" అంది. గుమ్మం దాటబోతుంటే, "అడిగి తీసుకో. ఇక్కడే కూర్చుని చదువుకో. మొక్కలకి నీళ్ళు పోయటానికి రావాలిగా రోజూ" అంది.

పరీక్షలకి పెనుగొలను పిల్ల వచ్చింది, మొహం నిండా మచ్చలతో. నీళ్ళు పోశాక తెచ్చిన అసలు కాయితాలు ఇచ్చింది, పసుపు మరకలతో. నేను టీచరమ్మకి ఇచ్చాను. ఆవిడ వాటిని పుస్తకంలో కుట్టలేదు. మడిచి అట్ట వెనక పెట్టుకుంది.

పరీక్షలు అయిన మర్నాడు నాకూ పోసింది అమ్మవారు. జ్వరంలో ఎక్కడ నోరు జారతానో అని పళ్ళు బిగించి పడుకున్నాను. "ఊళ్ళో ఎవరికీ లేదే, దీనికెక్కడ తగిలింది?" అని మా నాన్న వసారాలో అంటున్నాడు. లోపల నా ప్రాణం పోయింది. టీచరమ్మ గొంతు వినపడింది. "బళ్ళో పిల్లల నుంచి పిల్లలకి వస్తుందండీ. మా బళ్ళో అయితే ఇద్దరు ముగ్గురికి చూశాను. తగ్గాక పదో తరగతిలో చేరటానికి ఆలస్యం కాకుండా చూడండి." మా నాన్న, "అట్టాగేనమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా జ్వరం సగం దిగిపోయింది.

ఆఁ, ఒక్కటి మర్చిపోయా, రాయి. పరీక్ష హాలు బయట ఆ పిల్లని నిలదీశాను. "కాయితాల్లో ఒకటుంటే నాకొకటి చెప్పావేంటే?" అన్నాను.

"చీకట్లో, కళ్ళు వాచి ఉంటే ఏం చదువుతానే? బుధవారం బస్సులో చదివిందే గుర్తు" అంది. "చివర మాత్రం తెలిసే మార్చా. మూడు రోజులుగా ఆ గదిలో ఒక్కదాన్నే పడుకుని ఉన్నా. నువ్వొచ్చి కిటికీ దగ్గర పిలిచావు. ఇక దాన్ని అద్దంలోకి పంపటానికి నాకు..."

ఇంకేదో అంది అమ్మడూ, అది కూడా చెప్తా, ఆ మాట విన్నాక నేను దాని చెయ్యి పట్టుకుని...

"అత్తయ్యా! అన్నం వడ్డించి ఎంతసేపైంది, పప్పు చల్లారిపోతోంది, ముందు లేచి రండి!"