కళ్ళకద్దుకున్న చెయ్యి

నేను రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోలేదు. ముందు అది చెప్పెయ్యాలి. మావాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఎత్తుతారు: దేశంకాని దేశంలో, ఒక దీవిలో పశువైద్యం చదివేటప్పుడు కుక్కకి కోత పెట్టగానే నేను పడిపోయానని, అందుకే ఒక సెమిస్టరు పోయిందని. మొన్న పాతపట్నంలో మా అక్కమొగుడు కూడా అందరి ముందూ మొదలెట్టాడు.

"ఏటి మరదలా, నెత్తురు సూసి పడిపోనావట గదా. మరి మా గేదె ఈనేటప్పుడు నిన్నెలా పిలిసేది?"

"మీ గేదె ఈనినప్పుడు పడిపోయింది నువ్వు బావా. మొహం మీద నీళ్ళు కొట్టింది నేను."

అందరూ నవ్వారు. కథ మాత్రం మారలేదు. అప్పట్లో ఫోనులో అక్కకి నేను చెప్పింది, ఆపరేషన్లో తప్పు చేశాను, ఫెయిలయ్యాను అని మాత్రమే. మిగతాది వాళ్ళు నింపుకున్నారు. నింపుకోనిచ్చింది నేనే.

అంతకుముందు బొబ్బిలిలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని. ఇక్కడ సీటుకి వయసు దాటిపోయింది కనక, ముప్పై నాలుగేళ్ళప్పుడు అంత దూరం వెళ్ళాను. దీవిలో కాలేజీ అంటే వినేవాళ్ళకి సెలవులు గుర్తొస్తాయి. నా గది కిటికీలోంచి కనిపించేది కోళ్ళ షెడ్డు. ఆదివారాలు సముద్రం దగ్గరికి వెళ్ళేదాన్ని. నీళ్ళు మరీ శుభ్రంగా ఉండేవి. కళింగపట్నంలోలా ఎండుచేపల వాసన లేదు, "ఎవులమ్మాయివే నువ్వు" అని నిలదీసే ముసలమ్మ లేదు. అలా ఎవరైనా అడిగితే బాగుండునని కూర్చునేదాన్ని. క్లాసులో అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. నన్ను మర్యాదగానే చూసేవాళ్ళు. అంటే నేను వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే మాటలు ఆపి కాస్త జరిగేవాళ్ళు.

సర్జరీ పరీక్షకి ఇద్దరికో వీధికుక్కని ఇచ్చేవారు. వారం రోజులు మేమే తిండి పెట్టి, నడిపించి, ఆ తర్వాత గర్భసంచి తీసే ఆపరేషన్ చెయ్యాలి. తప్పితే సెమిస్టరంతా మళ్ళీ చదవాలి. నా జోడీ ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన పిల్ల, నెమ్మదస్తురాలు. పొద్దున్న వంతు ఆమెది, సాయంత్రం నాది. కలిసేవాళ్ళం కాదు. కుక్క బోను మీద అంటించిన కాగితంలో ఆమె "తిన్నది" అని రాస్తే కింద నేను "నడిచింది" అని రాసేదాన్ని. మా ఇద్దరి సంభాషణ అంతే.

కుక్కతో మాత్రం మాట్లాడేదాన్ని. "ఏటే, ఈయాల తిన్నావా? పొద్దున్న ఆ పిల్ల నీతోటైనా మాటాడతాదా?" ఆ దీవిలో మా మాట విన్నది అదొక్కటే.

పరీక్ష రోజు వచ్చింది. మోచేతులదాకా బ్రష్షుతో రుద్ది కడుక్కుని, గౌను, గ్లోవ్స్ వేసుకున్నాక ఇక ఆ చేతులు మనవి కావు. ఛాతీకి ఎదురుగా పట్టుకుని నిలబడాలి. ఆపరేషన్ బల్ల తప్ప ఇంకేదీ తాకకూడదు. మత్తు చూసే పని ఆ పిల్లది. స్టూలు మీద పెట్టుకున్న ఆమె పుస్తకం జారి కిందపడింది. నేను కదలబోయి దాని మీద కాలేశాను.

పుస్తకానికి కాలు తగిలితే మనం ఏం చేస్తామో చెప్పక్కర్లేదు కదా. పలక పట్టినప్పటినుంచీ చేస్తున్న పని. వంగాను, అట్ట తాకాను, కళ్ళకద్దుకున్నాను. పుస్తకం తీసుకోడానికి ఆ పిల్ల కూడా వంగింది. మా తలలు దాదాపు తగులుకున్నాయి. ప్రొఫెసరమ్మ అవతలి బల్ల దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది.

అప్పుడు చెప్పి ఉంటే గౌను, గ్లోవ్స్ మార్చుకుని మొదలెట్టేదాన్ని. కొన్ని మార్కులు పోయేవి, అంతే. ఊళ్ళో ఎవరితోనైనా గొంతు చించుకుని వాదించే నాకు ఆ గదిలో నోరు పెగల్లేదు. ఏమని చెప్పాలి? పుస్తకానికి దణ్ణం పెట్టానని ఇంగ్లీషులో మొదలెడితే అది ఎక్కడ ఆగుతుంది? కత్తి తీసుకుని కోత పెట్టాను.

రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకున్నాక ఆగిపోయాను. నేల మీద ఉన్నదంతా నా చేతులతో దీని కడుపులోకి పోతోందనిపించింది. వారం రోజులు నా సోదంతా విన్న కుక్క కడుపు అది.

"మేడమ్, నా గ్లోవ్స్ శుభ్రంగా లేవు."

"ఎప్పట్నుంచి?"

"కోతకి ముందు నుంచి."

ఆవిడ నన్ను తప్పుకోమని, చేతులు కడుక్కొచ్చి, కుక్క కడుపు శుభ్రం చేసి మిగతాది తనే పూర్తి చేసింది. మందులు వాడారు, కుక్క బతికింది, దాన్ని ఎవరో పెంచుకోడానికి తీసుకెళ్ళారు. నా కాగితం మీద మాత్రం "తెలిసి కూడా ఆలస్యంగా చెప్పింది" అని రాసింది. తప్పు రాసిందని నేనూ అనలేను.

ఆ పిల్ల పైక్లాసుకి వెళ్ళిపోయింది. నేను కొత్త బ్యాచ్‌తో మళ్ళీ మొదలెట్టాను. వరండాలో ఎదురైతే తల ఊపేది. ఒక్కోసారి ఏదో అనబోయినట్టు నిలబడేది. నేనే పని ఉన్నట్టు నడిచిపోయేదాన్ని. ఇప్పుడు బొబ్బిలిలో నా క్లినిక్‌కి రోజూ నలుగురైనా వస్తారు, నలుగురితోనూ పోట్లాడతాను. అయినా అడగాల్సిన మనిషిని అడగలేదు. మేం అంత దగ్గరగా వంగాం. నేను నోరు విప్పేదాకా తనూ ఒక్క మాట అనలేదు. నన్ను కాపాడదామని ఊరుకుందా, నేనే చెబుతానని ఎదురుచూసిందా, లేకపోతే నన్నసలు చూడనే లేదా?