కాయిల్ కాలిపోయిన స్పీకరు

ముప్ఫై ఏళ్లు సొంత కారును అద్దెకు నడిపిన మనిషాయన. ఇంట్లో ఏ గదిలోకి రావాలన్నా గుమ్మం దగ్గర రెండుసార్లు గట్టిగా దగ్గందే రాడు. అందుకే బంధువులంతా హారన్ బాబాయి అంటారు.

ఆ రోజు ఆయన దగ్గి లోపలికొచ్చేసరికి, ఆయన భార్య, అంటే పిన్ని, గోడగడియారం దించి బ్యాటరీ ఊడదీస్తోంది. ముందు బల్ల మీద పాత స్పీకరు. మొన్న కారును తుక్కు కొట్టుకు ఇచ్చేటప్పుడు గుర్తుగా ఉంటుందని తలుపులోంచి విప్పించి తెచ్చుకుంది.

"బ్యాటరీ తగిలిస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుందటండీ. కొట్టతను చెప్పాడు."

బాబాయి గబగబా బల్ల దగ్గరకొచ్చాడు. "కాయిల్ కాలిపోయిందని ఎప్పుడో చెప్పాగా! చూసేదేముందే?"

"చూస్తే మీ సొమ్మేం పోయింది?"

పోయేది సొమ్ము కాదు, పరువు. పెళ్లయిన కొత్తలో ఒకసారి గతుకుల రోడ్డు మీద స్పీకరు వైరు ఊడిపోయింది. కారు మూగబోయింది. పక్క సీట్లో కొత్త పెళ్లికూతురు కాసేపు కిటికీలోంచి చూసి చూసి, ఏమీ తోచక సన్నగా పాట అందుకుంది. బాబాయి గేరు మార్చడం కూడా మరిచిపోయాడు. ఇంటికొచ్చాక వైరు తగిలించడం రెండు నిమిషాల పని. తగిలించలేదు. కాయిల్ కాలిపోయిందన్నాడు. ఆ ఒక్క అబద్ధం మీద ఇద్దరూ ఎన్ని ఊళ్లు తిరిగారో, ఆవిడ ఎన్ని పాటలు పాడిందో!

పిన్ని వైరు ముక్కలు బ్యాటరీకి ఆనించింది. టప్ మంది. స్పీకరులోని నల్లటి అట్ట చెంగున పైకి లేచింది. మళ్లీ ఆనించింది. మళ్లీ టప్.

"కాలిన కాయిల్ ఇలా గంతులేస్తుందా?"

"వైరు ఊడిందంతే... పెడితే ఇంక నువ్వు పాడవని..."

"ఓరి దేవుడో! వెనక సీట్లో మీ అక్కగారు కిసుక్కున నవ్వుతుంటే సిగ్గుతో చచ్చేదాన్ని!" పిన్ని మొహం తిప్పుకుంది. "కలపండి దాన్ని. ఇకమీదట అదే పాడుతుంది. నేను నోరు విప్పను."

బాబాయి స్పీకరును టేప్‌రికార్డరుకు కలిపి, కారులోని పాత క్యాసెట్ పెట్టాడు. గరగరమంటూ పాట మొదలైంది. రెండో చరణం దగ్గర ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటే, ఇతను తప్పు పాడుతున్నాడు!"

పిన్ని చెవులదాకా ఎర్రబడింది. "అతనిది కాదండీ తప్పు. రెండో చరణాలు నాకెప్పుడొచ్చాయి కనక? నోటికొచ్చింది కలిపేసేదాన్ని."

"అన్ని పాటల్లోనూనా?"

"అన్నిట్లోనూ."

బాబాయి టేప్‌రికార్డరు కట్టేసి, ఆ చరణం తనే ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోలేదు, అన్నీ పిన్నివే.