మా చెల్లెలి రెండు వయసులు

మొన్న హైదరాబాదులో మా చెల్లెలి కూతురింట్లో నాలుగు రోజులున్నాను. వాళ్ళ ఫ్రిజ్జు తలుపు మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. నిలువు గీతలూ, అడ్డగీతలూ, రంగులు నింపిన గళ్ళూ చూసి ఏదో ఆఫీసు కాగితం ఇంటికి తెచ్చుకున్నారు కాబోలనుకున్నాను. తీరా అడిగితే అది మా మనవరాలు ఈ ఏడాది ఆడబోయే గోల్ఫు పోటీల పట్టికట. పద్నాలుగేళ్ళ పిల్ల, ఆటలో పేరు తెచ్చుకుంటే మంచి కాలేజీలో సీటు వస్తుందని తల్లీ తండ్రీ కూర్చుని, ఏ నెలలో ఏ ఊరు వెళ్ళాలి, ఏ పోటీకి విలువెక్కువ, ఏది మానుకుంటే పరీక్షలకు తీరిక దొరుకుతుంది అన్నీ రాసిపెట్టారు. ఆ కాగితం పై మూలన పిల్ల పుట్టిన తేదీ పత్రం నకలు కూడా, ఆసుపత్రి పేరుతో, ముద్రతో సహా గుచ్చి ఉంది. నేను పట్టిక సంగతి వదిలేసి ఆ నకలు ముందే చాలాసేపు నిలబడిపోయాను.

ఇలాంటి పట్టిక ఒకటి నేనూ వేశాను. అరవైలు ముగిసే రోజుల్లో, తెనాలిలో, పాత క్యాలెండరు కాగితం వెనకవైపు స్కేలు పెట్టి పెన్సిలుతో గీసిన పట్టిక అది. అప్పుడు నాకు ఇరవయ్యో ఇరవై ఒకటో. నాన్న పోయి రెండేళ్ళయింది, అమ్మకు ఉబ్బసం, ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుని, ఇంకా పర్మనెంటు కాలేదు. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, ఈ కాలం వాళ్ళకు ఆ ఉద్యోగమేమిటో కూడా తెలియదు. ఎదురుగా బోర్డు నిండా రంధ్రాలుంటాయి, చేతిలో తీగలుంటాయి, ఒక ఊరి రంధ్రంలోంచి ఇంకో ఊరి రంధ్రంలోకి తీగ గుచ్చితే మనిషికీ మనిషికీ మాట కలుస్తుంది. పేర్లతో మాకు పనిలేదు, ఆపరేటర్లం ఒకళ్ళనొకళ్ళం ఊరి పేరు పెట్టే పిలుచుకునేవాళ్ళం.

మా చెల్లెలు టెన్నికాయిట్ ఆడేది. రబ్బరు రింగును వల మీదుగా విసురుకునే ఆట, పట్టిన చేత్తోనే వెంటనే తిప్పి విసరాలి, ఆగకూడదు. దాని చేతులు చూడాలి మీరు, మోకాళ్ళ దాకా వచ్చేవి. పరికిణీ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఓణీ నడుముకు బిగించి అది వల ముందు నిలబడితే, రింగు ఎటు వేసినా ఆ చెయ్యి ముందే అక్కడుండేది. హైస్కూల్లో డ్రిల్లు టీచరమ్మ దాన్ని కనిపెట్టి, కన్నకూతురికి నేర్పినట్టు నేర్పింది.

దానికి ఒకటే కోరిక, బాపట్లలో వ్యవసాయం చదవాలని. మా అమ్మమ్మగారి ఊరు పిట్టలవానిపాలెం. ఒక ఏడు మా మేనమామ పొలంలో వరికి తెగులొస్తే కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, బురదలోకి దిగి, ఆకు తుంచి, పుస్తకాల్లో రాసుకుని వెళ్ళారు. అప్పుడు దానికి పదేళ్ళు. ఆ రోజు నుంచీ ఇంకో మాట లేదు. మార్కులు చూస్తే అంతంతమాత్రం, ఆ మార్కులకు సీటు రాదు. ఆటల కింద రావాలంటే రాష్ట్ర పోటీల్లో ఆడినట్టు కాగితం కావాలని డ్రిల్లు టీచరమ్మ కనుక్కుని చెప్పింది. డిగ్రీకి ముందు చదివే పి.యు.సి.లో చేరింది, చేతిలో ఉన్నది ఆ ఒక్క ఏడాదే. ఆ కాగితం ఎలా తేవాలన్నది నా భారం అనుకున్నాను, ఎవరూ అప్పగించకుండానే.

పోటీల కబుర్లు నాకు తీగల మీద వచ్చేవి. ఉదయం లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు రేపల్లె ఆపరేటరమ్మ "ఏమ్మా తెనాలీ, ఇక్కడ మళ్ళీ పోటీలు పెడుతున్నారంట, తేదీ రాసుకో" అనేది. బాపట్ల నుంచీ అలాగే కబురొచ్చేది. వాటిని తెచ్చి పట్టికలో వేసేదాన్ని. ఊరు, తేదీ, పోయే రైలు, వచ్చే రైలు, ఎవరింట్లో దిగాలి, కప్పిస్తారా కాగితమిస్తారా. కప్పులు ఎన్నున్నా కాలేజీవాళ్ళు చూడరు గదా. పెనుమూడి రేవులో పడవ దాటి దివిసీమ వైపు వచ్చి ఆడమని ఎవరో అడిగితే, పడవ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదని కొట్టేశాను. పరీక్షల రోజులకు అడ్డగీత. నెలలో ఆ మూడు రోజులకు, అమ్మకు కూడా కనబడనంత చిన్న చుక్క. అన్నిటికంటే పైన దాని పేరు, పేరు పక్కన వయసు, పదిహేను.

ఆ ఏడు పెద్దల జట్టుకు ఎంపికలు బాపట్లలోనూ, పదహారు నిండని జూనియర్లకు రేపల్లెలోనూ, పదిహేను రోజుల ఎడంలో పడ్డాయి. చెల్లెలు రెండూ ఆడతానంది. నేను వద్దన్నాను. బాపట్ల తేదీల మీద నా చుక్కలున్నాయి, పైగా దాని చీలమండ బెణికి ఉంది, పెద్దల్లో ఆడితే నాలుగో స్థానమో అయిదో స్థానమో వస్తుంది, జూనియర్లలో మొదటి స్థానం ఖాయం. డ్రిల్లు టీచరమ్మ ఇంటికొచ్చి "రెండూ ఆడించమ్మా, చేతిలో రెండుంటే ధీమాగా ఉంటుంది" అని చెప్పి చూసింది. నా పట్టిక మీద నాకు ఎంత గీర అంటే, ఆవిడకే పాఠం చెప్పినట్టు అరగంట చెప్పి పంపాను. చెల్లెలు రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు నువ్వెలా అంటే అలాగేలే అక్కా అంది.

రేపల్లెకు పాసింజరులో వెళ్ళాం. అది ఆడిన ఆట నేను చెప్పలేను, చెప్పినా మీరు నమ్మరు. రెండేళ్ళుగా గొంతు తప్ప మొహం తెలియని రేపల్లె ఆపరేటరమ్మ పులిహోర డబ్బా పట్టుకుని గ్రౌండుకొచ్చింది; మా అమ్మంత వయసు మనిషి, నేనేమో ఆవిడ పాతికేళ్ళ పిల్ల అనుకుంటూ వచ్చాను. చెల్లెలు మొదటి స్థానంలో నిలిచింది. తిరుగు రైల్లో నా భుజం మీద తల పెట్టుకుని తెనాలి దాకా నిద్రపోయింది. నా జన్మలో నేను అంత నిండుగా ఇంకెప్పుడూ లేను.

రాష్ట్ర పోటీలకు పంపే ఫారం వచ్చింది. పుట్టిన తేదీకి బడి రిజిస్టరే ఆధారం కాబట్టి, చిన్నప్పుడు చదివిన బడికి వెళ్ళి పెద్దమేష్టారి సంతకం తేవాలి. వెళ్ళాను. గుమాస్తా పాత రిజిస్టరు దుమ్ము దులిపి, వేలు పెట్టి వెతికి, తేదీ చదివాడు. జూలై ఒకటి. మన తరంలో సగం మంది జూలై ఒకటినే పుట్టాం, అందులో వింతేముందనుకున్నాను. తర్వాత సంవత్సరం చదివాడు. ఆ లెక్కన మా చెల్లెలికి పదహారు నిండి నాలుగు నెలలు. ఇంట్లో లెక్కకూ ఆ లెక్కకూ పదమూడు నెలలు తేడా. అది శ్రావణంలో పుట్టింది, శ్రావణం వచ్చినప్పుడల్లా అమ్మ ఒక ఏడు కలుపుకునేది, నాకు తెలిసిన వయసు అదొక్కటే.

అదొక్కటే అని ఇప్పుడు కూడా రాస్తున్నాను చూడండి. రెండోది నేను చెప్పిందే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ మంచం పట్టింది, చంటిదాన్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు, నన్ను బడి మానిపించాలని నాన్న అనుకున్నాడు. నాకు చదువంటే ప్రాణం. చెల్లెల్ని కూడా బళ్ళో వేస్తే ఇద్దరం కలిసే వెళ్ళొచ్చని నేనే ఉపాయం పన్నాను. అయిదు నిండాయో లేదో తేల్చడానికి అప్పట్లో చెయ్యి తల మీదుగా పోనిచ్చి అవతలి చెవి అందుకోమనేవారు. దానికి నాలుగు కూడా నిండలేదు. మెడ కాస్త వంచితే అందుతుందని బెల్లం ముక్క ఆశపెట్టి రెండు రోజులు నేర్పాను. ఆ పొడుగు చెయ్యి చెవిని అందుకుంది. అయిదు నిండాయా అని మేష్టారడిగితే నిండాయండి అన్నాను. రిజిస్టర్లో తీసుకువచ్చినవారు అన్నచోట నా పేరే ఉంది. ఆ తర్వాత ఆ సంగతి నా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది, పదకొండేళ్ళు.

పెద్దల ఎంపికలు అప్పటికే అయిపోయాయి. ఇక మిగిలింది ఇదొక్కటే. కొత్త పెద్దమేష్టారు మంచివారు. అమ్మ చేత వేలిముద్ర వేయించి తెస్తానన్నాను. "మీ అమ్మగారి వేలిముద్ర చాలదమ్మా. ఆ రోజు వయసు చెప్పింది నువ్వు, తప్పు చెప్పానని స్టాంపు కాగితం మీద నువ్వే ప్రమాణం చేసి తీసుకురా. దాని కింద నేను నాలుగు ముక్కలు రాసి పంపుతాను. వాళ్ళు ఒప్పుకోవచ్చు" అన్నారు. వారం గడువుంది.

కోర్టు వీధిలో ఒక ప్లీడరుగారి గుమాస్తా అరుగు మీద కూర్చుని కాగితాలు రాసేవాడు. చెప్పిందంతా విన్నాడు. ఉద్యోగమెక్కడమ్మా అన్నాడు, చెప్పాను. "పర్మనెంటు అయిందా అండి? కాలేదా. అయితే ఒక్కమాట. అబద్ధం చెప్పానని మీ చేత్తో మీరే రాసిచ్చే కాగితమిది. రేపెవరైనా గిట్టనివాళ్ళు పై ఆఫీసుకు పంపితే ఏం చేస్తారు? రాయమంటే రాస్తాను, అడ్డేం లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, అతని అరుగు కనబడేంత దూరం దాకా. అమ్మ మందులు గుర్తొచ్చాయి, అద్దె గుర్తొచ్చింది, ఇవన్నీ నిజమే, కానీ అన్నిటికంటే ముందు నా కుర్చీ, నా బోర్డు, నా పేరు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి డ్యూటీకి వెళ్ళిపోయాను. సాయంత్రం ఇంట్లో, కుదరదన్నారని చెప్పాను.

చెల్లెలు ఏడవలేదు. ఆ పట్టికను గోడ మీంచి అదే తీసి, మడతపెట్టి, అమ్మ ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టింది. ఎవరన్నారు, ఏమన్నారు అని ఒక్కమాట అడిగి ఉంటే నేను చెప్పేసేదాన్నేమో. అక్క కుదరదందంటే కుదరదనే దాని లెక్క.

సీటు రాలేదు. తర్వాత ఎక్స్ఛేంజిలో ఖాళీలు పడితే, కాగితం మీద వయసు ఎక్కువ కావడం వల్లే ఏడాది ముందు దరఖాస్తు పెట్టగలిగింది, ఉద్యోగం వచ్చింది, బాపట్లలోనే వేశారు. చూశావా, ఆ వయసు ఇలా కలిసొచ్చింది అని నేను చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. వ్యవసాయం చదవాల్సిన ఊళ్ళో అది హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంది. లైను కలిసినప్పుడు ఒకసారి అలవాటుగా "ఏంటి బాపట్లా" అనేశాను. "చెప్పండి తెనాలీ" అంది, నవ్వుతూనే అంది. ఆ రోజు నేను కలపాల్సిన రెండు కాల్స్ తప్పు లైన్లకు కలిపాను. నా ఉద్యోగం పర్మనెంటయ్యాక, మాటల మీద మాటగా పై అధికారి ఒకాయనను ఈ సంగతి వేరెవరిదో అన్నట్టు అడిగాను. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పిన మాటకు ఎవరి ఉద్యోగం పోతుందమ్మా అని ఆయన నవ్వేశారు.

చివరికి అది రిటైరయింది కూడా ఆ కాగితం లెక్క ప్రకారమే, పదమూడు నెలలు ముందుగా. వీడ్కోలు సభలో దండ మెడలో ఉండగానే, "నాకింకా సర్వీసుందండీ, మా అక్క బళ్ళో వేసేటప్పుడు వయసెక్కువ చెప్పేసింది" అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మొదటి అబద్ధం సంగతి దానికి తెలుసు, ఎప్పుడో క్షమించేసింది కూడా. రెండోది దానికి తెలియదు. ఆ రాత్రే చెబుదామనుకున్నాను, వచ్చే పండక్కి చెబుదామనుకున్నాను, అలా అనుకుంటూ ఉండగానే రెండేళ్ళ కిందట అది వెళ్ళిపోయింది. పిల్లలు మరణ పత్రం కోసం కాగితాలు తీస్తే, అందులో కూడా వయసు పదమూడు నెలలు ఎక్కువే ఉంది.

ఈ కాలం పిల్లలకు ఒకటే వయసు. పుట్టగానే రాసేస్తారు, ఎవరూ చెవి అందుకోమనరు, ఏ అక్కా తోడు వచ్చి లెక్క చెప్పనక్కర్లేదు. పట్టిక వేయడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ కూర్చుంటారు, ఏ కాగితం ఎప్పుడు కావాలో ఫోనే గుర్తుచేస్తుంది. మంచిదే, మా మనవరాలి ఆట ఇలాంటి కారణానికి ఎన్నడూ ఆగదు. అయితే ఒకరి కోసం ఒకరు ఎంత చేశారో, ఎక్కడ ఆగిపోయారో కూడా ఇక ఎవరికీ తెలియనక్కర్లేదేమో అనిపించింది.

బయల్దేరే ముందు మా చెల్లెలి కూతురు, పెద్దమ్మా, నువ్వొకసారి ఈ పట్టిక చూసి చెప్పు, అమ్మ ఎప్పుడూ చెప్పేది, మా అక్క నా ఆట కోసం తిరగని గడప లేదని, అంది. అంతా సరిగ్గానే ఉందమ్మా అని చెప్పి చెప్పులు వేసుకున్నాను. తిరగని గడప ఒకటుంది. కోర్టు వీధిలో, ఆ గుమాస్తా కూర్చునే అరుగు వెనక. దాని దాకా వెళ్ళి తిరిగి వచ్చానని మా చెల్లెలికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.