బిడ్డ మొహం చూడని డాక్టరమ్మ

డాక్టరమ్మకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పురిటింటికి వెళ్తే బిడ్డ మొహం చూడదు. కాన్పు చేసి బిడ్డను నర్సు చేతిలో పెట్టిందంటే, మహారాజు కొడుకైనా సరే, ఆవిడ చూపు ఇక తల్లి మీదే.

ఈ సంగతి తెలియక అమ్మమ్మగారు బాగా నొచ్చుకుంది. చిన్నకూతురి కొడుకును ముస్తాబు చేసి ఎదురుగా తీసుకొస్తే, డాక్టరమ్మ ఆవిడను తలుపు కర్టెన్‌ను జరిపినట్టు పక్కకు జరిపింది.

"వాడికేం, గొంతు చించుకుంటున్నాడుగా. తల్లి ఏది?"

"ఒక్కసారి చూడండమ్మా, అచ్చం మావారి ముక్కు!"

"ముక్కు ఎక్కడికీ పోదు లెండి. ఏమ్మాయ్, నిద్ర పడుతోందా? గుండె దడగా ఉందా? ఎవరినైనా తిట్టాలనిపిస్తోందా?"

కడుపుతో ఉన్నప్పుడే రక్తపరీక్ష చేయించి, కాన్పయ్యాక ఈ అమ్మాయికి థైరాయిడ్ తిరగబడే ప్రమాదం ఉందని ఆవిడ తేల్చేసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే, "మా ఇంటా వంటా లేదు" అని అమ్మమ్మగారు అప్పట్లో కొట్టిపారేసింది.

డాక్టరమ్మ మాత్రం వస్తూనే ఉంది. ఒకసారి చిన్నకూతురు విసిరిన దువ్వెనకు మొగుడి నుదురు బొప్పి కట్టింది. అల్లుడు గోడు వెళ్లబోసుకుంటే డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"గురి కుదిరిందా? అయితే చెయ్యి మరీ అంత వణకడం లేదు. రక్తం తీయాలి!"

థైరాయిడ్ తిరగబడిందని పరీక్షలో బయటపడింది. "ఈ కోపం నీ పెళ్లానిది కాదయ్యా, గొంతులో ఉన్న గ్రంథిది. కొన్నాళ్లు పరుగులు పెట్టిస్తుంది, ఆ తరవాత చతికిలబడేలా చేస్తుంది. అప్పుడు ఈ అమ్మాయి మంచం దిగదు, ఊరికే ఏడుస్తుంది. సోమరితనం అన్నారో, మీ పని చెప్తాను."

అమ్మమ్మగారికి పెద్దకూతురు గుర్తొచ్చింది. కాన్పయ్యాక ఆమె అచ్చం ఇలాగే పడుకునేది. "పిల్లల్ని కన్నది నువ్వొక్కదానివేనా? ఒళ్లు బరువెక్కిన సోమరిదానా!" అని అందరి ముందూ కడిగేసింది తనే. ఆ పిల్ల బిడ్డను చంకనేసుకుని వెళ్లి మళ్లీ గడప తొక్కలేదు. తప్పు తనదే.

అమ్మమ్మగారు ఇదంతా డాక్టరమ్మకు చెప్పేసింది.

"నాకు పిల్లలంటే ప్రాణమమ్మా. ఎత్తుకున్నానంటే ఇక దించను. తల్లి సంగతి మరిచిపోతాను. అందుకే అసలు చూడను. పదండి, పెద్దమ్మాయి దగ్గరికి నేనూ వస్తాను."

పెద్దకూతురు తలుపు తీసింది. మొహం ఉబ్బి ఉంది, జుట్టు పలచబడింది. డాక్టరమ్మ చెప్పిందంతా గుమ్మంలోనే నిలబడి వింది.

"అంటే అది సోమరితనం కాదా?"

"కాదు. జబ్బు. మాత్రలతో దారికొస్తుంది."

"తప్పయిపోయిందే" అంది అమ్మమ్మగారు.

పెద్దకూతురు కుర్చీలో కూలబడి, రక్తం తీయమని చెయ్యి చాపింది. తల్లి వైపు చూడకుండానే అంది: "నాకు ఓపిక లేదు. కాఫీ నువ్వే పెట్టు."

అమ్మమ్మగారు ఆ వంటింట్లోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. డబ్బాలన్నీ తీసి చూసింది, మూసింది. కూతురి వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియని తల్లి ఇంకెవరుంటారు? కళ్లు తుడుచుకుని కేకేసింది.

"పంచదార ఎక్కడ పెట్టావే?"

"పై అరలో, అమ్మా."