సున్నం గీతకు అవతల

పదిహేడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అనంతపురం జిల్లాలో, రాయదుర్గం వైపు ఒక మెట్ట ఊరు. అవి ఫ్యాక్షన్ రోజులు. పదేళ్లు నేను వెంట తిరిగిన పెద్దమనిషి, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా నా చేలోనే నాటుబాంబులు పూడ్చి పెట్టించాడు. పట్టుబడ్డవాడొకడు కక్కితే ముందు పోలీసులకు తెలిసింది, తర్వాత నాకు. ఆయన కోసం చొక్కా చించుకుని అరిచినవాణ్ణి నేను. నాకు తిండి పెట్టే నేలలోనా పెట్టేది? కంచే చేను మేయడమంటే ఇదే.

బాంబుల స్క్వాడ్ మిషన్లతో వచ్చి సగం చేను చూసింది. దొరికినవి తీశారు. చూసినంత మేరకు ఒక కానిస్టేబుల్ సున్నంతో అడ్డంగా గీత గీసి, అవతల అడుగు పెట్టొద్దు, మిగతాది రేపన్నాడు. వాళ్లు పోగానే వాన పడింది. రెండు నెలలుగా మొహం చాటేసిన వాన. గీత కరిగిపోయింది. మర్నాడు స్క్వాడ్ రాలేదు, ఇంకో ఊరికి పోయిందన్నారు.

వేరుశనగ విత్తడానికి పదును రెండు మూడు రోజులే. ఆ తడి ఆరితే ఆ ఏటికి అంతే. నాకు ఎద్దుల్లేవు. మా ఊరి లింగప్ప తన ఎద్దులతో నా చేను విత్తితే, బదులుగా మేం అతని చేలో పని చేయాలి. మా వంతు రోజు తప్పితే ఎద్దులు ఇంకొకరి చేలోకి పోతాయి. ఆ మరుసటి పొద్దున్నే లింగప్ప, అతని భార్య నాగమ్మ విత్తనాలు వేసే గొర్రు తీసుకుని వచ్చారు.

"యాడిదాంకా చూసినారన్నా?" అని అడిగాడు లింగప్ప.

"అంతా చూసినార్లేప్పా. పదును పోతాండాది, గొర్రు కట్టు."

"నువ్వు చెప్పినాక ఇంగేముండాదన్నా."

మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం కాకముందే గొర్రు బాంబుకు తగిలింది. ఒక ఎద్దు అక్కడే కూలిపోయింది. లింగప్ప కాలు చీరుకుపోయింది. గొర్రు వెనక విత్తనం వదులుతున్న నాగమ్మకు రెండు కళ్లూ పోయాయి.

విచారణకు వచ్చినవాళ్లతో, చేనంతా చూశామని గీత గీసిన కానిస్టేబులే చెప్పాడన్నాను. అతన్ని సస్పెండ్ చేశారు. లింగప్ప ఇప్పటికీ అతన్నే తిడతాడు. నేను పక్కన కూర్చుని ఊ కొడతాను.

ఇన్నేళ్లూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. మోసం చేసింది ఆ పెద్దమనిషి, నేను కాదు. పంట మీద ఆశపడ్డాను, అవతల ఏమీ ఉండదనుకున్నాను, అంతే కదా అని. నిజంగా అనుకున్నానా?

లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ విత్తనం వదులుతున్నది నా భార్య. గొర్రు ఆ గీత ఉన్న చోటికి వస్తుంటే, సంగటి తెమ్మని ఆమెను ఇంటికి పంపాను. విత్తనాల మూట తీసి నాగమ్మ ఒడిలో పోసింది నేనే. పోసి, గట్టెక్కి నిలబడ్డాను.

మొన్న నాగమ్మ మా ఇంటికి వచ్చింది. నా భార్య చేయి తడిమి పట్టుకుని, "ఆ పొద్దు దేవుడే నిన్ను ఇంటికి పంపినాడక్కా" అంది. కుళ్లు లేదు ఆ మాటలో. సంతోషంగానే అంది. నేను అక్కడే ఉన్నాను.

దేవుడు కాదు నాగమ్మా, నేను పంపాను. ఏం జరగొచ్చో తెలిసే పంపాను. నీ ముందు ఈ మాట ఎప్పటికైనా అంటానో లేదో తెలియదు. ఇక్కడ రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.